జహరాబీ కొనిచ్చిన కెమెరా

గిద్దలూరులో మా ఇనాయతుల్లా అన్నకు ఫోటో స్టూడియో ఉంది. దాని ముందు గదిలో సగం నాది. నేను జాకెట్లు కుడతాను. మొదట్లో కుట్టుమిషన్ పెట్టుకోవడానికి చోటు దొరక్క ఊరంతా తిరుగుతుంటే, "ఈడ పెట్టుకో నాగలక్ష్మమ్మా, ఫోటోకొచ్చే ఆడోళ్లకు నువ్వుంటే ధైర్యంగా ఉంటాది" అని తనే బల్ల జరిపి చోటిచ్చాడు. ఆ మేలు నేను మరిచిపోను. అలాగని ఆయనలో తప్పులు పట్టకుండా ఊరుకుంటానా అంటే, అదీ లేదు.

మనిషి బంగారం, కానీ పరమ చాదస్తం. ఆధార్ కార్డు కోసం ఫోటో దిగడానికి వచ్చినవాణ్ణి కూడా గడ్డం ఎత్తు, దించు, భుజం వదులు చెయ్యి అంటూ పెళ్లికొడుకులా సర్ది కూర్చోబెడతాడు. అవతలివాడికి బస్సు వెళ్లిపోతున్నా ఆయనకు పట్టదు.

ఆయన పాత కెమెరా బాగా అలిసిపోయింది. ఎండలో ఫరవాలేదు గానీ, సాయంత్రం పెళ్లి పందిట్లో తీస్తే ఫోటో నిండా ఇసుక చల్లినట్టు చుక్కలు. గ్రెయిన్స్ అంటాడు వాటిని. కంప్యూటర్ ముందు కూర్చుని ఆ చుక్కల్ని తుడిచేవాడు. చుక్కలతో పాటు మనుషుల కనుబొమలు, ముడతలు, పుట్టుమచ్చలు కూడా తుడుచుకుపోయేవి. ఒకసారి మా చెల్లెలి ఫోటో చూసి, "అన్నా, ఇది మనిషా మైదాపిండి ముద్దా?" అని అడిగేశాను. నవ్వాడు గానీ ఆ రోజంతా సరిగా మాట్లాడలేదు. అప్పటికే పెళ్లిళ్లవాళ్లు ఒక్కొక్కరే వేరే ఫోటోగ్రాఫర్ల దగ్గరకు జారుకుంటున్నారు.

ఇదంతా ఆయన భార్య జహరాబీ చూస్తూనే ఉంది. వదినది పెళ్లిళ్లకు వంట చేసే పని. ఆమె బిర్యానీ వండుతోందంటే పిలవనివాళ్లు కూడా ఆ వీధిలో తిరుగుతారు. బిర్యానీ వండే పెద్ద గిన్నెలు, కొత్త డేగిసాలు కొనుక్కోవాలని ఎన్నాళ్లనుంచో దాచుకుంటోంది. ఒకరోజు చెల్లెల్ని చూసొస్తానని ఇంట్లో అబద్ధం చెప్పి, నన్ను వెంటబెట్టుకుని గుంటూరు రైలెక్కింది. డేగిసాలకేమో అనుకుని వెళ్లాను. తీరా చూస్తే కెమెరా షాపు! "పెళ్లి పందిట్లో తీస్తే ఇసుక పడని కెమెరా ఇయ్యి నాయనా" అని అడిగింది. షాపులో కుర్రాడు నవ్వి, కొత్త డిజిటల్ ఎస్‌.ఎల్‌.ఆర్‌. ఒకటి తీసి చూపించాడు. నచ్చకపోతే వారంలోపు తెచ్చివ్వమన్నాడు.

డేగిసాలకు దాచిన డబ్బు పోసి వదిన తెచ్చిన డబ్బాను అన్న విప్పాడు. పక్కకు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. అది చూసి నాకూ ఏడుపొచ్చింది.

మర్నాడే కెమెరాకు పరీక్ష మొదలుపెట్టాడు. ఏ కెమెరా కొన్నా ముందు బడిపిల్లల రాతిపలకను ఫోటో తీసి చూడటం ఆయన అలవాటు. పలకల గనులున్న మార్కాపురం పక్కన పుట్టినవాడికి పలక కంటే నమ్మకమైనది ఏముంటుంది? దాని మీద సన్నటి బలపంతో అక్షరాలు రాసి, తలుపు వారగా వేసి మసక వెలుతురులో పెడతాడు. అక్షరాల అంచులు తేటగా వచ్చాయంటే ఫోకస్ బాగున్నట్టు. నల్లదనంలో చుక్కలు లేకపోతే గ్రెయిన్స్ లేనట్టు.

అక్షరాలు కత్తితో కోసినట్టు వచ్చాయి. కానీ కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే, నల్లదనం నిండా సన్నటి తెల్ల చుక్కలు! అన్న ముఖం వాడిపోయింది.

"కెమెరా బాగలేదమ్మా" అన్నాడు గొంతు తగ్గించి. "ఇంత నీడకే ఇట్లుంటే పందిట్లో ఎట్లుంటాది?"

"అయితే వదినకు చెప్పన్నా. షాపులో తిరిగి ఇచ్చేద్దాం."

"ఏ నోటితో చెప్పేది? డేగిసాలు మానుకోని తెచ్చింది. బాగలేదంటే ఆమె మనసు ఏమైపోతాది?"

అలా వారం చివరికి వచ్చింది. కెమెరా డబ్బాలోనే ఉంది. రాచర్ల రంగయ్యగారింట్లో పెళ్లి వచ్చింది. చెడిపోయిన ఫోటోలు వాళ్ల చేతిలో పెట్టలేడు, కొత్త కెమెరా బాగలేదని ఇంట్లో చెప్పలేడు. పాతదాని చుక్కలు తుడవడమైనా అన్నకు అలవాటే. సంచిలో పాత కెమెరా సర్దుకుంటుండగా జహరాబీ టిఫిన్ క్యారియర్‌తో వచ్చింది. సంచిలోకి చూసింది. అలమరలో డబ్బాను చూసింది.

ఆ దంపతులు ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు గానీ, నేను ఉంటే తెలుగులోనే పోట్లాడుకుంటారు. నాకు అర్థం కాకపోతే తీర్పు ఎవరు చెప్పాలి?

"ఏంది ఇది? నేను తెచ్చింది మీకు పనికిరాలేదా?"

"అట్ల కాదు జహరా... చేతికి ఇంకా అలవాటు కాలేదు."

"ముప్పై ఏండ్ల నుంచి ఫోటోలు తీసేవాళ్లకు అలవాటు కాలేదా? చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్తాండారే!"

ఇక నేను ఆగలేకపోయాను. "ఫోటోలో చుక్కలు వస్తాండాయంట వదినా! నువ్వు బాధపడతావని నోరు మూసుకోని కూచున్నాడు మీ ఆయన. ఇద్దరూ నా ప్రాణం తియ్యకుండా మాట్లాడుకోండి!" అని కత్తెర బల్ల మీద పడేశాను.

వదిన క్యారియర్ బల్ల మీద పెట్టింది. తర్వాత స్టూలు లాక్కుని కంప్యూటర్ ముందు కూర్చుంది. "చూపియ్యండి" అంది.

ఆయన మొన్నటి ఫోటో తెరిచాడు. అది చాలదన్నట్టు అప్పటికప్పుడు కొత్త కెమెరాతో పలకను మళ్లీ ఫోటో తీసి, రెండో ఫోటోను దాని పక్కన పెట్టాడు. తాను చెప్పింది అబద్ధం కాదని చూపించాలిగా! వదిన రెండింటినీ మార్చి మార్చి చూసింది. బియ్యంలో రాళ్లు ఏరే చూపు అది. రెండో ఫోటోలో ఒక అక్షరం కింద వేలు పెట్టింది.

"ఈ చుక్క దాంట్లో కూడా ఈడనే ఉంది. దాని పక్కన జంట చుక్కలు, అవి కూడా ఈడనే ఉండాయి. ఎప్పుడూ ఇట్లనే వస్తాయా?"

అన్న ముందుకు వంగాడు. పలకను తలకిందులు చేసి ఇంకో ఫోటో తీశాడు. చుక్కలన్నీ పలకతో పాటే తిరిగాయి. గ్రెయిన్స్ అనేవి ఒక ఫోటోలో ఉన్నచోట మరో ఫోటోలో ఉండవని నాకు తర్వాత చెప్పాడు. అప్పుడు మాత్రం పలక పట్టుకుని బజార్లోకి పరుగెత్తాడు. మేమూ వెనకాలే వెళ్లాం. ఎండలో కాస్త వంచి చూస్తే, రాతిలో సన్నటి నలుసులు తళుక్కుమంటున్నాయి. ఫోటోలోని చుక్కలు ఇవే, పాత కెమెరాలకు ఎన్నడూ కనిపించని నలుసులు. ఇన్నేళ్లుగా ఆయన పలకను నలుపే అనుకున్నాడు గానీ, అందులో ఏముందో ఎప్పుడూ చూడలేదు.

"జహరా, తప్పంతా నాదే" అన్నాడు నడిబజారులో నిలబడి. "ఇంత మంచి వస్తువు తెచ్చిస్తివి. నేను దాన్ని డబ్బాలో పెట్టి వారం రోజులు ఏడిస్తిని. నీ రుణం ఎట్ల తీర్చుకునేది?"

"ముందు లోపలికి రాండి, అందరూ చూస్తాండారు" అంది వదిన. ముఖం మాత్రం వెలిగిపోతోంది.

రంగయ్యగారి పెళ్లికి కొత్త కెమెరానే వెళ్లింది. ఆ ఫోటోల్లో పెళ్లికూతురి నాయనమ్మ బుగ్గ మీది పచ్చబొట్టు కూడా స్పష్టంగా ఉందని, ఆ ఇంటివాళ్లు ఇంకో రెండు పెళ్లిళ్ల పని ఇప్పించారు.

తర్వాత ఒక సాయంత్రం వదిన పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని నిలబడి ఉండగా, ఫ్లాష్ వెయ్యకుండా అన్న ఒక ఫోటో తీశాడు. స్టూడియోలో పెద్దది చేసి మా ఇద్దరికీ చూపించాడు. పొయ్యి వెలుతురులో ఆమె ముఖం ఎంత తేటగా వచ్చిందంటే, కాగిన నూనె చిట్లి చెంప మీద, మెడ మీద పడిన పాత మచ్చలు ఒక్కటి కూడా దాగలేదు. వదిన చెయ్యి తనకు తెలియకుండానే చెంప మీదికి వెళ్లింది.

"ఈ చుక్కలు తుడిచెయ్యరాదా?"

"తుడవను" అన్నాడు. "అవి కెమెరావి కాదు, నీవి. మన ఇల్లు గడవడానికి పడినవి. వాటిని తుడిస్తే నాకు అన్నం సయించదు."

వదిన ఫోటో వంక చాలాసేపు చూసింది. చెంప మీది చెయ్యి మెల్లగా దించింది.

"అయితే పెద్ద ఫోటో కట్టించండి" అంది.