వరిచేలో దారి

ఆయన మేకులు జరిపేవారు. కంకిపాడు దగ్గర తన వరిచేలోనే ఇల్లు మొదలుపెట్టిన రైతు. పాలిటెక్నిక్ ముగించి పనిలో చేరిన కొత్తలో, వానల్లోనూ లారీ వచ్చేలా రాతిదారి వేయడానికి నేను పన్నెండడుగుల వెడల్పుకి గుర్తుగా కొయ్య మేకులు కొట్టేవాణ్ణి. మర్నాడు చూస్తే అవి జానెడు లోపలికి వచ్చి ఉండేవి.

“లారీ ఏమన్నా ఊరేగుతుందాండీ ఇంజనీరుగారూ? ఆ జానెడులో ఎన్ని దుబ్బులు పోతాయో చూడండి,” అనేవారు, గట్టు మీద అటూ ఇటూ తిరుగుతూనే.

చివరికి దారి ఆయన కొలతకే కుదిరింది. కార్తీకం ముసురులో సిమెంటు లారీ వచ్చింది. వెనక చక్రం రాళ్ల అంచు జారి బురదలో దిగబడింది. పైన టార్పాలిన్ చిరిగి ఉంది. సర్కారు పర్మిట్ లేనిదే సిమెంటు దొరకని ఆ రోజుల్లో ఆయన నెలల తరబడి తిరిగి తెచ్చుకున్న సిమెంటు అది. తడిస్తే ఆ ఏడు శ్లాబు లేనట్టే.

ఆయన పరుగున కొడవలి తెచ్చారు. వెన్నుతీసిన పైరును గుప్పిళ్ల కొద్దీ కోసి చక్రం కింద కుక్కారు.

“చూస్తారేంటండీ, తొయ్యండి!”

లారీ పైకి వచ్చింది. అందరం బస్తాలు లోపలికి మోస్తున్నాం. ఆయన వానలోనే నిలబడి, నలిగిన వెన్నొకటి ఏరి, పాలు పట్టిందా లేదా అని గింజ గిల్లి చూస్తున్నారు.