లలిత వాళ్ల గట్టున ఇనుప చక్రం

మా చిన్నప్పుడు... ఆదివారం వస్తే చాలు, రిసాలిలో ఉక్కు ప్లాంటు వాళ్లిచ్చిన క్వార్టర్ నుంచి నాన్న స్కూటర్ మీద పొలానికి బయలుదేరేవాళ్లం. ముందు నేను నిలబడి, వెనక అమ్మ, ఆమె ఒళ్లో క్యారేజీ... శివనాథ్ నది అవతల నాన్నా, ప్లాంటులో ఆయనతో పనిచేసే అప్పారావు మామయ్యా పక్కపక్కనే కొనుక్కున్న పొలాలు అవి.

పంపు హౌసు వాళ్లు నది నీళ్లు తోడి, భూమిలో వేసిన పైపులో పొలాలకు పంపేవారు. ఆ పైపు మా పొలం కింద నుంచే మామయ్య వాళ్ల పొలానికి వెళ్లేది. వాళ్లది మెరక... అక్కడ వదిలితే అందరికీ పారుతుందని వాల్వు వాళ్ల గట్టున పెట్టారు. మాది పల్లం కాబట్టి, పైపులో పేరుకున్న బురద వదిలే మూత మా మూలన పెట్టారు. నీళ్లు ముందు వాళ్లకి, బురద మాకు!

ఆ వాల్వుకి బస్సు స్టీరింగంత ఇనుప చక్రం... మామయ్య కూతురు లలిత నా ఈడుదే. రెండు చేతులతో దాన్ని తిప్పేది. ముందు బుస్సుమని గాలి... తర్వాత ఎర్రనీళ్లు... ఆ తర్వాత తేటగా నది నీళ్లు! కాళ్లు తడుపుకుంటూ నావైపు చూసేది. నాకు ఒళ్లు మండిపోయేది. దాని కొత్త గౌన్లకీ, ఫస్టు ర్యాంకులకీ కూడా నేను అంత కుళ్లుకోలేదు.

అమ్మ మాత్రం ఆ బురద మూలలో ఊరి నుంచి తెచ్చిన గోంగూర గింజలు చల్లింది. ఏటి మన్ను కదా... నా భుజాల దాకా ఎదిగింది. బురద వదలడానికి వచ్చే పంపు భయ్యా కూడా గోంగూరని వాళ్ల భాషలో అమారీ భాజీ అంటూ ఓ కట్ట పట్టుకుపోయేవాడు. లలిత వాళ్లమ్మ మెరక మీద వేసిన గోంగూరేమో గిడసబారిపోయింది. ఓసారి ఆవిడ మా మూలకి వచ్చి నిలబడి, అమ్మతో అంది.

"నీకేటి వదినా... నదే వచ్చి ఎరువేసి పోతంది."

ఆ గొంతులో కుళ్లు నాకు తెలియనిదా? ఎంత సంతోషమేసిందో!

మరుసటి ఆదివారం పచ్చడికి గోంగూర కావాలని లలిత వచ్చింది. చక్రం ఒక్కసారి తిప్పనిస్తేనే కోస్తానన్నాను.

"తిప్పీయే... ఎవులొద్దన్నారు?" అంది.

అంత తేలిగ్గా ఒప్పుకుందంటే అనుమానం రావాలి కదా... రాలేదు. గౌను నిండా గోంగూర కోసిచ్చి, పరుగెత్తుకెళ్లి, చేతులు నొప్పెట్టేలా తిప్పాను. బుస్సుమని కాస్త గాలి... అంతే. పొద్దుటి నుంచి పంపు హౌసులో కరెంటు లేదట. లలితకి ముందే తెలుసు!

ఇప్పుడు కొత్త పైపు వేశారు. మాకూ సొంత వాల్వు వచ్చింది. పంపు హౌసులో బటన్ నొక్కితే దానంతటదే తెరుచుకుంటుంది... తిప్పడానికేమీ లేదు. నీళ్లు నది దగ్గరే వడకట్టి పంపుతున్నారు, బురదా రాదు. అమ్మ గోంగూర మోకాలు దాటడం లేదు.

మొన్న లలిత ఫొటో పెట్టింది. వాళ్ల గట్టున ఆ పాత చక్రం అలాగే ఉందట... లలిత కూతురు రెండు చేతులతో పట్టుకుని నిలబడింది, అచ్చం వాళ్లమ్మలాగే. మావాళ్లందరూ లైకులు కొట్టారు. నా వేలు మాత్రం కదల్లేదు.

మీ చిన్నప్పుడు పక్కవాళ్లకే దక్కి, మీ చేతికి రానిదేమిటో చెప్పండి... ఈ కుళ్లు నా ఒక్కదానికే కాదని తెలిస్తే, అప్పుడు వెళ్లి కొడతాను ఆ లైకు.