విజ్జికి రావాల్సిన సీటు

మా చిన్నప్పుడు... ఎడిసన్ అనే ఊళ్ళో మా అపార్ట్‌మెంట్ వెనక వీధిలో, ఆదివారం పొద్దున్నే ఉరుము ఉరిమేది. ఆకాశంలో మబ్బు తునక కూడా ఉండేది కాదు. రే అంకుల్ తన పసుపు కారు స్టార్ట్ చేశాడన్నమాట!

ఉప్మా గిన్నె అక్కడే పడేసి పరిగెత్తేదాన్ని. అప్పటికే విజ్జి అక్కడ నిలబడి ఉండేది... పక్క బిల్డింగ్‌లో ఉండే ఖమ్మం వాళ్ళమ్మాయి. ఇద్దరికీ పదేళ్ళు. మిగతా ఆడపిల్లలు బొమ్మలకి జడలు వేస్తుంటే మేం బానెట్ కింద తలలు దూర్చేవాళ్ళం. "వీళ్ళకిదేం పోయేకాలమో" అని మా అమ్మ నెత్తి కొట్టుకునేది.

ఆ కారు 1970 మోడల్ జీఎస్‌ఎక్స్. పసుపు ఒంటి మీద నల్ల చారలు. రే అంకుల్ రిటైరైన మెకానిక్, దాన్ని కన్నబిడ్డలా చూసుకునేవాడు. ఆ కాలపు కార్లలో దానికి పోటీ అంటే షెవెల్, హెమీ ఇంజన్ ఉన్న ‘కుడా’ అనే రెండు. నేను షెవెల్ పార్టీ. విజ్జి పసుపు కారు పార్టీ. దీని మీద మేం పడ్డ కొట్లాటలు ఇన్నీ అన్నీ కావు...

ఒకరోజు రే అంకుల్ ఒక పాత కార్ల పత్రిక నా చేతికిచ్చాడు. అందులో మూడు కార్ల అంకెలూ పక్కపక్కనే పట్టికలో ఉన్నాయి.

"నిలబడ్డచోటి నుంచి ఏది గట్టిగా లాగుతుందో మీరే చదివి తేల్చుకోండి. గెలిచినవాళ్ళకి ఆదివారం నా పక్క సీటు" అన్నాడు. వెనక సీటు నిండా పనిముట్లే... ఒక్కరికే చోటు.

ఇంటికెళ్ళి మంచం మీద బోర్లా పడుకుని చదివాను. హార్స్‌పవర్... షెవెల్ 450. హెమీ 425. పసుపు కారు 360. ఎగిరి గంతేశాను! అప్పుడు పక్క కాలమ్ మీద కన్ను పడింది. టార్క్. బండిని నిలబడ్డచోటి నుంచి లాగే బలం అదేనని రే అంకుల్ ఎన్నోసార్లు చెప్పాడు. హెమీ 490. షెవెల్ 500. పసుపు కారు... 510.

విజ్జే గెలిచింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు మెట్ల మీద విజ్జి పక్కన కూర్చుని పత్రిక తెరిచాను. టార్క్ కాలమ్ మీద అరచెయ్యి అడ్డంగా పెట్టాను.

"చూడవే, 450 ఎక్కడ, నీ 360 ఎక్కడ?"

"ఆ పక్కదేందే? చెయ్యి తియ్యవే జర."

"బరువులే. వాటితో పనిలేదు."

"నిజంగనా?"

"అమ్మతోడు."

అంతే. అమ్మతోడు అన్నాక ఇంక మాట ఉండేది కాదు మాకు. విజ్జి నమ్మేసింది. కానీ లేచి వెళ్ళలేదు. నా చెయ్యి పట్టుకుంది.

"ఈ ఒక్కసారి నేను పోతనే... వచ్చే వారం నువ్వు పో. ఇంక ప్రతి వారం నువ్వే పో. నేను అడగనే అడగ."

కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి దానికి. ఎందుకంత బతిమాలుతోందో నేను అడగలేదు. "గెలిచింది నేనైతే నువ్వెలా పోతావే?" అన్నాను. ఎంత పొగరు నాకు!

ఆదివారం నేనే ఎక్కాను. ఎవరు గెలిచారని రే అంకుల్ అడిగితే నేనేనని చెయ్యెత్తాను. ఆయన నా వంక ఒకసారి చూసి తలుపు తీశాడు. కారు ముందుకి దూకగానే వీపు సీటుకి అతుక్కుపోయింది. వెనక్కి తిరిగి చూస్తే విజ్జి వీధి మధ్యలో నిలబడి రెండు చేతులూ ఊపుతోంది. తిరిగొచ్చాక "ఎట్లుందే?" అని ఆశగా అడిగింది. అరగంటసేపు గొప్పలు చెప్పాను.

మంగళవారం స్కూల్ బస్ దగ్గరికి విజ్జి రాలేదు. సాయంత్రం వాళ్ళింటికి వెళితే తలుపులు బార్లా తీసి ఉన్నాయి, ఎవరో కార్పెట్ కడుగుతున్నారు. వాళ్ళ నాన్న ఉద్యోగం పోయిందట, వీసా గడువు అయిపోయిందట, రాత్రికి రాత్రే ఫ్లైట్ ఎక్కేశారట. ఎవరికీ చెప్పొద్దని వాళ్ళమ్మ ఒట్టు వేయించుకుందని ఆ తర్వాతెప్పుడో తెలిసింది. విజ్జి ఆ ఒట్టు నిలబెట్టుకుంది. నేను వేసిన ఒట్టు మీకు తెలుసుగా...

పోయిన శనివారం ఇక్కడే ఎడిసన్ రైల్వే స్టేషన్ పార్కింగ్‌లో పాత కార్ల ప్రదర్శన జరిగింది. పసుపు ఒళ్ళు, నల్ల చారలు... కాళ్ళు ఆగిపోయాయి. పక్కనే మడత కుర్చీలో రే అంకుల్! బాగా ముసలివాడైపోయాడు, చూపు సరిగ్గా ఆనడం లేదు. నేనెవరో చెప్పగానే నా చెయ్యి పట్టుకుని ఒకటే అడిగాడు.

"నీతో ఇంకో పాప ఉండేది కదా? ఆ పాపే గెలిచింది. నాకప్పుడే తెలుసు. నువ్వే చెబుతావని చూశాను."

చచ్చిపోవాలనిపించింది.

కారు అమ్మేశాడట. నెలాఖరుకి కొన్నవాళ్ళు వచ్చి తీసుకెళ్తారు. "ఈలోగా వస్తే నా మనవడు నడుపుతాడు, ఆ పాపని కూర్చోబెడదాం" అన్నాడు.

ఆ రోజు నుంచీ వెతుకుతూనే ఉన్నాను. విజయలక్ష్మి అని కొడితే వేలమంది వస్తున్నారు. ఇంటిపేరు తెలియదు... పదేళ్ళ పిల్లలం, ఇంటిపేర్లు ఎవరడిగారు? ఖమ్మం గ్రూపులన్నిటిలో పెట్టాను. మా అమ్మ పాత డైరీలన్నీ తిరగేశాను. నిన్న ఆఫీస్‌లో మీటింగ్ మధ్యలో ఏడ్చేశాను కూడా. ఏం చేయాలో నాకు తోచడం లేదండీ...

ఇప్పుడు మా పాప ఏ కారు అంకెలైనా ఫోన్‌లో క్షణంలో తీసి చూపిస్తుంది, ఏ కాలమ్‌నీ చేత్తో మూయడం కుదరదు. మీలో ఎవరైనా చిన్నప్పుడు దొంగ ఒట్టు వేసి ఉంటే కింద రాయండి, నాకు కాస్త తోడుగా ఉంటుంది. దయచేసి దీన్ని షేర్ కూడా చేయండి, ఇంకా పంతొమ్మిది రోజులే ఉన్నాయి.

విజ్జీ, ఇది చదువుతుంటే... నా చేతి కింద ఉన్నవి బరువులు కావే. 510. నువ్వే గెలిచావు. రాలేకపోతే ఫోన్ అయినా చెయ్యవే, కారు పక్కన నిలబడి ఆ ఉరుము నీకు వినిపిస్తాను.