సీడీలో పాఠం, కాణిపాకంలో తరగతి

మా వంశంలో ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లు లేరు. పది నిమిషాల్లో ఆ ఘనత నాకు దక్కబోయింది. మీరు నవ్వుకోండి. నాకు మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ నవ్వు రాదు.

ఖాళీ సీడీలు అప్పుడప్పుడే చవకైన రోజులు. తిరుపతిలో ఒక విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ వాళ్లకు సంభావ్యత పాఠం చెప్పేవాణ్ణి. ఇంకా పర్మనెంటు కాలేదు. పాఠం ఇంట్లో వినాలి, లెక్కలు తరగతిలో చేయాలి అనే తిరగేసిన పద్ధతి గురించి ఎక్కడో చదివాను. అంతే, కెమెరా ముందు కూర్చుని, కుక్కరు ఈలల మధ్య గంటసేపు మాట్లాడి, ఇరవై ఆరు సీడీలు పంచాను. మంగళవారం పాఠమంతా ఇందులోనే ఉంది, చూసేయండి అన్నాను. తరగతిలో ఏం చేస్తామో చెప్పలేదు. ఆ మంగళవారమే నా బోధన చూసి ఉద్యోగం ఖాయం చేయడానికి బయటినుంచి ఒక ప్రొఫెసరు వస్తున్నారు. ఆ సంగతీ చెప్పలేదు. చెబితే పిల్లలు బిగుసుకుపోతారని నా తెలివి.

పదికి పది నిమిషాలుండగా గదిలో అడుగుపెట్టాను. బెంచీలు కల్యాణకట్ట నుంచి వచ్చిన గుండులా నున్నగా ఉన్నాయి. క్లాసు లీడరు మునిరత్నానికి ఫోను చేశాను.

"పాఠం సూసేసినాము సార్, రెండు తూర్లు. ఇంక క్లాసులో ఏం పని అని అందరం ఒకే బస్సులో కాణిపాకం వచ్చినాము. క్యూలో ఉండాము. మీ పేరుతో అర్చన చేయించేదా?"

చేయించమన్నాను. నాకప్పుడు దాని అవసరం ఉండింది.

వరండాలో చెప్పుల చప్పుడు. మా హెడ్డు, వెనుక ప్రొఫెసరు.

"యాడప్పా పిల్లోళ్లు?" అన్నాడు హెడ్డు.

ముందు నుయ్యి, వెనుక గొయ్యి అంటారు. నాకు ముందు హెడ్డు, వెనుక ఖాళీ బెంచీలు. అంతలో పుత్తూరు బస్సు దిగి, రొప్పుతూ నా ఇరవై ఆరుగురిలో ఒకతె, మునిలక్ష్మి వచ్చి మొదటి బెంచీలో కూర్చుంది. ప్రొఫెసరు చివరి బెంచీకి వెళ్లి పెన్ను తీశారు.

నా పాఠం సీడీల్లో ఉండిపోయింది, బుర్రలో అక్షరం లేదు. గతిలేక, ఇరవై ఆరుగురిలో ఇరవై ఐదుగురు ఒకేరోజు రాకపోయే సంభావ్యత ఎంతో బోర్డు మీద వేయసాగాను. ఒక్కొక్కరిదీ గుణించుకుంటూ పోతుంటే మునిలక్ష్మి లేచింది.

"అందరూ మాట్లాడుకోని పోయినారు కదా సార్. అట్లాంటప్పుడు వేరువేరుగా గుణించొచ్చునా?"

ప్రొఫెసరు రాయడం ఆపారు. ఆ అమ్మాయి చెప్పిందే నిజం. ఎవరికి వాళ్లు విడిగా మానేస్తేనే ఆ గుణకారం చెల్లుతుంది. బోర్డు తుడిచి, సీడీల సంగతితో సహా తప్పు ఒప్పుకుని మళ్లీ మొదలుపెట్టాను. కాసేపటికి ప్రొఫెసరే లేచి వచ్చి సుద్దముక్క అందుకున్నారు. ముగ్గురం ఎంత వాదించుకున్నామంటే, గంట కొట్టింది ఎవరికీ వినిపించలేదు.

వెళ్తూ ఆయన, సీడీ బాగా చూసినట్టున్నావే అని మునిలక్ష్మిని మెచ్చుకున్నారు.

"మా ఇంట్లో కంప్యూటరు లేదు సార్. పాఠం ఇనేదానికే వచ్చినాను."

ఆ మాట నేను ముందే అడిగి తెలుసుకోవలసింది. హెడ్డు నా చెవి దగ్గర మెల్లగా అన్నాడు: "ఆ పాప ఇంట్లో కంప్యూటరు లేకపోబట్టి నీ ఉద్యోగం నిలబడిందప్పా."

చేతిలో డస్టరు పట్టుకుని, ఖాళీ బెంచీల సాక్షిగా అక్కడే ప్రమాణం చేశాను. ఎవరింట్లో ఏముందో అడగకుండా ఈ జన్మలో తరగతిని తిరగేయను. తిరగేసినా, దర్శనాలకు బస్సులు దొరికే ఊళ్లో తిరగేయను.