అత్త గోలీతో పాసైన బావ

తలనొప్పి లేదు కాబట్టి బీపీ లేదని మీకు ఎవరు చెప్పారు? మీ ఒళ్లేనా? మా బావకూ అదే చెప్పింది.

బావ మా అక్క భర్త. ఊరు కోరుట్ల దగ్గరి ఇబ్రహీంపట్నం, పని దుబాయిలో. మళ్లీ పోవడానికి మెడికల్ పరీక్ష దగ్గరపడ్డప్పుడు కోరుట్లలో బీపీ చూపించుకున్నాడు. బాగా ఎక్కువుంది. రోజూ వాడమని డాక్టరు రాసిన మందు కొననే లేదు. కోరుట్లలోనే ఉన్న మా ఇంటికొచ్చి, అమ్మ వాడే బీపీ గోలీలు అడిగి తీసుకుని, పరీక్ష అయ్యేదాకా మింగాడు. అల్లుడు నోరు తెరిచి అడిగితే అమ్మ కాదనలేకపోయింది.

పాసయ్యాడు. మిఠాయి డబ్బాతో వచ్చాడు. సిరిసిల్లలో ఉద్యోగం చేసే, దేవుణ్ణి నమ్మని నేను ఆ రోజు ఇంట్లోనే ఉన్నాను.

"సూశినవా బామ్మర్ది, ఫిట్ అని ముద్ర కొట్టిండ్రు. నాకు బీపీ ఏంది?"

"గా పాసు నీకు గాదు బావా, మీ అత్త గోలీకి."

"నీకు దేవుడూ వద్దు, దుబాయి ముద్రా వద్దు. రోజూ మింగితే కిడ్నీలు ఖరాబైతయట, ఎర్కేనా?"

కాదని ఎంత వాదించినా నవ్వేసి, గోలీలు మానేశాడు. తాయత్తును నమ్మితే మూఢత్వం అంటాం. ఒక్క పూట కొలతను జీవితకాలపు హామీగా నమ్మితే ఏమనాలి? నాకైతే తేడా కనిపించలేదు.

తర్వాత రెండు సెలవులకు బాగానే వచ్చి పోయాడు. మూడోసారి పాదాలు వాచి చెప్పుల్లో పట్టలేదు. మూత్రంలో నురగ. జగిత్యాలలో రక్తం చూపిస్తే, కిడ్నీలు వడకట్టి పంపాల్సిన క్రియాటినిన్ ఎక్కువొచ్చింది. కిడ్నీలు సగానికి పైగా పని మానేశాయి.

"నొప్పి లేకపాయె గద సార్?" అని అడిగాడు బావ.

"నొయ్యదు," అన్నాడు డాక్టరు. "బీపీ వత్తిడికి కిడ్నీల సన్న రక్తనాళాలు గట్టిపడి ఇరుకైతయి. వడపోత తగ్గుతది. కిడ్నీ చెడినకొద్దీ బీపీ ఇంకా పెరుగుతది. పోయింది తిరిగి రాదు. ఉన్నది కాపాడుకో, డయాలసిస్ దాకా తెచ్చుకోకు."

కిడ్నీలు చెడతాయన్న భయంతో, వాటిని కాపాడే గోలీనే మానేశాడు మా బావ!

దుబాయి ఆగిపోయింది. ఇప్పుడు వరి, పసుపు చూసుకుంటున్నాడు. కూరలో ఉప్పు తగ్గింది. కిడ్నీలకు చేటని, డాక్టరును అడగకుండా నొప్పి గోలీ ముట్టడు. మొన్న మా ఇంట్లో టిఫిన్ తిని జేబులోంచి తన మందు తీశాడు.

"అత్తమ్మా, మింగినవా?"

"మింగిన అల్లుడా. నీదున్నదా, నాది ఇయ్యాల్నా?"

"వద్దు తల్లీ. నీ గోలీతోటి పాసైంది చాలు."

అమ్మ నవ్వింది. మీరు నవ్వి ఊరుకోకండి. ఇవాళే దవాఖానకు పోయి బీపీ చూపించుకోండి. ఎక్కువుంటే మూత్రం, క్రియాటినిన్ పరీక్షలు మీరే అడిగి చేయించుకోండి. రాసిచ్చిన మందును, డాక్టరు ఆపమనేదాకా, ఒంట్లో బాగున్న రోజు కూడా మింగండి.