మొదటి సంతకం నాదే

మా చిన్నవాడు గ్లాసు నోటి దగ్గర పెట్టుకున్నాడు. కిటికీలోంచి పడిన ఎండలో, నీళ్ళ అడుగున ఎర్రటి నూలుపోగు లాంటిది కనిపించింది. అది కదిలింది. నూలుపోగు దానంతట అది కదలదు కదా. గ్లాసు లాగేసుకున్నాను. వాడు ఏడుపు అందుకున్నాడు. అప్పటికే రెండు గుక్కలు తాగేశాడు. నాకు భయం పుట్టింది సరిగ్గా అప్పుడే.

ఎదురింటి పాపకు కామెర్లు వచ్చి అప్పటికి వారం. పసుపు పచ్చటి ఆ కళ్ళనీ మా కుళాయి నీళ్ళనీ కలిపి ఆలోచించాలని అంతవరకూ నాకు తోచలేదు.

మేముండేది బెంగాల్లో, టికియాపారా వైపు ఒక సందులో. మా ఆయన షాలిమార్ గూడ్స్ యార్డులో గుమాస్తా. చుట్టుపక్కలంతా శ్రీకాకుళం నుంచి వచ్చి రేవులో పనిచేసే కుటుంబాలు. అందరికీ కలిపి ఒకటే కుళాయి. దానికి నీళ్ళు తెచ్చే పైపు మురుగు కాలువలోనే పడి ఉంటుంది. పైపును బయటికి మార్చమని పార్టీ ఆఫీసుకు వెళ్ళి మూడుసార్లు చెప్పాం. రేషన్ కార్డు కావాలన్నా, ఆస్పత్రిలో మంచం కావాలన్నా మేం వెళ్ళేది అక్కడికే. ప్రభుత్వమంటే అదే అనుకునేవాళ్ళం. అక్కడి నాయకుణ్ణి, ఇక్కడ పెద్దమనుషులందర్నీ పిలిచినట్టే, దాదా అంటే అన్నా అని పిలిచేవాళ్ళం. ఆయన ప్రతిసారీ కూర్చోబెట్టి, టీ ఇప్పించి, "అయిపోతుంది" అనేవాడు.

మర్నాడు తిన్నగా నీళ్ళ ఆఫీసుకు వెళ్ళాను. అక్కడి గుమాస్తా రిజిస్టరు తిప్పి చూశాడు. మా సందు నుంచి ఫిర్యాదే లేదన్నాడు. పైగా పైపు మార్చేసినట్టు ఫైల్లో ఉందట, ఆ పనికి డబ్బు కూడా ఇచ్చేశారట. "మీవాళ్ళే రాసిచ్చారుగా, చదువుకోండి" అని ఒక బెంగాలీ కాగితం నా వైపు తిప్పాడు.

చేపలవాడితో బేరమాడేంత బెంగాలీ నాకు వచ్చు. అక్షరం ఒక్కటి కూడా రాదు. అయినా ఆ కాగితం మీద ఒకటి చదవగలిగాను. అడుగున అన్నిటికంటే ముందున్న సంతకం నాదే. ఇంగ్లీషులో, గుండ్రంగా, పక్కన బి.ఏ. అని కూడా రాసుకున్నాను.

పోయిన చలికాలంలో కుళాయి దగ్గర వరసలో ఉండగా దాదా ఆ కాగితం తెచ్చాడు. "పైపు మార్చడం కోసం బౌదీ, ముందు మీరు పెట్టండి" అన్నాడు, వదినా అని వరస కలిపి. చదివి వినిపించమని అడగాల్సింది. అందరి ముందూ నాకు చదవడం రాదని ఒప్పుకోవడానికి సిగ్గేసింది. నా వెనక ఉన్నవాళ్ళంతా వేలిముద్రలు వేశారు. అందులో ఏముందో నీళ్ళ ఆఫీసు గుమాస్తా ఇప్పుడు చదివి చెప్పాడు: పైపు మార్చారు, మాకు తృప్తిగా ఉంది.

చెప్పకుండా ఊరుకుందామని బస్సులో అనిపించింది. కానీ మా చిన్నవాడు తాగిన ఆ రెండు గుక్కలు ఊరుకోనివ్వలేదు. సాయంత్రం కుళాయి దగ్గరే అందరికీ చెప్పాను. కామెర్ల పాప నాయనమ్మను నేను అత్తా అని పిలుస్తాను. ఆవిడ బిందె కింద పెట్టేసింది.

"అదేటే! సదూకున్నదానివి నువ్వెట్టీనావనే కదేటి మేం ఏలిముద్రలేసీనాం!"

"నాకు బెంగాలీ చదవడం రాదత్తా."

"మాకు ఏ బాసా సదవడం రాదు. మేం సిగ్గుపడతన్నామేటి?"

వెనకనుంచి ఎవరో, "బీయే అంటే అన్నీ వొచ్చీసినట్టే అనుకున్నాం" అన్నారు. అందరూ నవ్వారు. నవ్వుతూనే నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి.

"ఏడుపు తరవాతే. ఇప్పుడేటి సేద్దాం, అది సెప్పు" అంది అత్త.

కొత్త అర్జీ నేనే ఇంగ్లీషులో రాసి, ఒక్కో వాక్యం తెలుగులో చదివి వినిపించాను. 'దయతో' అన్న మాట దగ్గర అత్త ఆపింది. "దయేటి? ఆయనింటికెల్లి నీళ్ళడుగుతన్నామేటి? కొట్టీ ఆ ముక్క." కొట్టేశాను. నీళ్ళ ఆఫీసులో ఇచ్చి, మా ప్రతి మీద ముద్ర వేయించుకున్నాం. అక్కడినుంచి అందరం కలిసి మా వార్డు కౌన్సిలర్ దగ్గరికి వెళ్ళాం.

ఆయన కళ్ళజోడు మీదుగా నన్ను చూశాడు. "తృప్తిగా ఉందని రాసిచ్చింది మీరే కదా, బౌదీ?"

"అవును దాదా, మొదటి సంతకం నాదే. చదవకుండా పెట్టాను, ఆ తప్పు నాది. పైపు ఇంకా కాలువలోనే ఉంది. ఆ తప్పు ఎవరిదో మీరు వచ్చి చూసి చెప్పండి."

"చలో దాదా, దూరం నై. నడిచీసి వొచ్చీవొచ్చు" అంది అత్త, తనకొచ్చిన భాషలన్నీ కలిపి.

పార్టీ ఆఫీసు దాదాను కూడా వెంటబెట్టుకుని ఆయన వచ్చాడు. అత్త కాలువ మీది పలక జరిపింది. పైపు అతుకు దగ్గర బుడగలు లేస్తున్నాయి. ఆయన చాలాసేపు వంగి చూశాడు. "పూర్తయిందని ఎవరు చూసి చెప్పారు?" అని బెంగాలీలో అడిగాడు. పార్టీ ఆఫీసు దాదా పక్కింటి డాబా వైపు చూస్తూ నిలబడ్డాడు. కౌన్సిలర్ మా ప్రతి మీదే ఏ రోజు పని మొదలుపెట్టిస్తాడో రాసి, సంతకం చేశాడు. నేను ఆ కాగితం అందుకోకుండా, చదివి వినిపించమన్నాను. చదివాడు. మళ్ళీ చదవమన్నాను.

"బౌదీకి నా మీద నమ్మకం లేదు" అని నవ్వాడు.

"నేదు దాదా" అంది అత్త.

ఆయన రాసిన రోజు నిన్న. సాయంత్రం కూలీలు కొత్త పైపులు తెచ్చి సందు పొడవునా దింపారు. కాలువకు దూరంగా, గోడ వెంబడి తవ్వడం మొదలుపెట్టారు. సందులో దింపిన పైపులు ఇంకా కుళాయిలో నీళ్ళు కాలేదని నాకు తెలుసు. ఎదురింటి పాప కళ్ళు మాత్రం తెల్లబడుతున్నాయి. మా వాడి కనురెప్పలు పైకెత్తి రోజూ చూస్తూనే ఉన్నాను, ఇంతవరకూ ఏమీ లేదు. రాత్రి చాలా రోజుల తర్వాత మధ్యలో లేవకుండా నిద్రపోయాను.

ఇవాళ పొద్దున పిల్లలిద్దర్నీ గుమ్మంలో నిలబెట్టి చెప్పాను. "గోతిలోకి తొంగి చూడకండి. నేను చెప్పేదాకా కాచిన నీళ్ళే తాగాలి, ఎవరింట్లో ఇచ్చినా వద్దనండి." తర్వాత మా పెద్దదాన్ని దగ్గరికి పిలిచాను. "బడినుంచి రాగానే నీ బెంగాలీ పుస్తకంలో మొదటి పేజీ నాకు నేర్పు. తప్పు చదివితే తిట్టు, నేనేమీ అనుకోను."