గాలం దొరికింది, దారం దొరకలేదు

మీరు మనుషుల్ని చూడటానికి ప్రయాణాలు చెయ్యరు, వస్తువుల్ని చూడటానికి చేస్తారు. సోలాపూర్ వెళ్తున్నానంటే మీలో సగంమంది "మంచి చద్దరొకటి పట్రండి" అన్నారు. నేసేవాళ్లు ఎట్లా ఉన్నారని ఒక్కరైనా అడిగారా?

నా కోపం ఇండోనేషియాలోని అలోర్ ద్వీపం దగ్గర మొదలైంది. అక్కడ తవ్వకాల్లో సుమారు పన్నెండు వేల ఏళ్లనాటి ఒక స్త్రీ సమాధి బయటపడింది. ఆమె గడ్డం దగ్గర గుల్లను అరగదీసి చేసిన గాలాలున్నాయి. సముద్రం మీద బతికినవాళ్లు చనిపోయిన మనిషికి గాలాలు తోడిచ్చి పంపారన్నమాట. ఆ వైపు ద్వీపాల గుహల్లో లోతునీటి చేపల ఎముకలు కూడా దొరికాయి. సరే, ఆ గాలానికి కట్టిన దారమేది? కుళ్లిపోయింది. దానితోపాటే దాన్ని పేనిన చెయ్యీ చరిత్రలోంచి పోయింది. తెగకుండా దారాన్ని అతికే పని ఒక్కసారైనా కళ్లారా చూడాలని, సోలాపూర్‌లో తెలుగు నేతవాళ్లుండే దాజీ పేట్‌లో మగ్గం నేసే రాజవ్వ కోసం బయల్దేరాను.

హైదరాబాద్‌లో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి సోలాపూర్. స్టేషన్ బయట ఆటోకి బేరం ముందే ఆడుకోవాలి.

"చద్దర్లకా అక్కా? మా బావ దుకాణముంది," అన్నాడు డ్రైవర్.

"మనుషుల కోసం వచ్చాను."

"మనుషులు ఫుకట్ అక్కా. ఎందరు కావాల్నో తీస్కపో."

రాజవ్వ లేదు. పోయి నెల కూడా కాలేదట. సగం నేసిన చీర మగ్గం మీదే ఉంది. ఆమె భర్త నర్సయ్య, నేసేటప్పుడు కాళ్లు దించుకునే మగ్గం గుంట అంచున కూర్చున్నాడు. కూతురు బాలమణి, కార్మికులు పోరాడి కట్టించుకున్న కుంభారి కాలనీలో ఉంటూ బీడీలు చుడుతుంది. తండ్రిని తన దగ్గరికి తీసుకుపోవడానికి పొద్దున బస్సులో వచ్చింది. ఇంటి యజమాని ఇక్కడ సాంచెలు, అంటే పవర్‌లూమ్‌లు, దించుతాడట. మగ్గం కట్టెలు కొన్నవాడు వాకిట్లో తొందరపెడుతున్నాడు.

"నీ ఇంట్ల ఓ మూలకు గుంట తవ్వుకుంట బిడ్డా," అన్నాడు నర్సయ్య.

"మాది మీది అంతస్తు అయ్యా. గుంట తవ్వితే కిందింటోళ్ల పొయ్యి మీద పడ్తవ్."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు చూడలేక నేను అలోర్ సమాధి సంగతి ఎత్తుకున్నాను. నర్సయ్య శ్రద్ధగా విన్నాడు.

"గాలాలు పెట్టిండ్రు. దారం పెట్టలేదా?"

"పెట్టారో లేదో తెలీదు. పెట్టినా మట్టిలో కలిసిపోతుంది కదా."

"గట్లయితే పెట్టిండ్రనే రాయి బిడ్డా."

"అమ్మకు మనమేం పెట్టలే అయ్యా," అంది బాలమణి.

బాలమణి బీడీ ఆకు కత్తెర తీసి, చీర కోసెయ్యడానికి మగ్గం దగ్గరికి వెళ్లింది. పడుగు పోగుల్ని, అంటే నిలువు దారాల్ని, వరసలో నిలిపే దువ్వెనలాంటి భాగాన్ని అచ్చు అంటారు. కత్తెర అచ్చు వెనక్కి పోయింది.

"అటు కాదు. అచ్చుల దారం ఉంచు," అన్నాడు నర్సయ్య గట్టిగా.

బట్ట కోసినప్పుడు అచ్చులో కొంత దారం వదిలేస్తారు. కొత్త పడుగు రాగానే ఒక్కో పోగునూ ఆ పాత పోగుకు వేళ్లతో మెలిపెట్టి అతుకుతారు. తన అత్త వదిలిన పోగులకు రాజవ్వ అతికింది. అప్పట్నించీ ఆ మగ్గం ఒక్కసారీ ఉత్తగా లేదు.

"ఇంకెవరు అతుకుతరయ్యా?" అంది బాలమణి.

"దారం లేకుంటే అది ఉత్త దువ్వెన. నువ్వైతే ఉంచు."

ఆమె ముందు చీరవైపు కోసి, తర్వాత వెనకవైపు జానెడు దారం వదిలి కోసి, అచ్చును విడదీసింది. రెండువైపులా వేలాడే పోగుల్ని గుత్తులుగా ముడేసింది. కట్టెలు బండెక్కాయి. కుంభారి బస్సులో నర్సయ్య అచ్చును ఒళ్లో పెట్టుకుని కిటికీవైపు తిరిగి కూర్చున్నాడు. అచ్చు పెట్టుకోవడానికి వంటింటి అటక మీద చోటుందని బాలమణి అంటోంది.

అభివృద్ధి ఇళ్లిచ్చింది కదా అంటారు మీరు. ఇచ్చింది, పోరాడితే ఇచ్చింది, కాదనను. కానీ పడుకోవడానికి చోటిచ్చి చేతిపనికి చోటివ్వని ఇల్లు సగమే ఇల్లు. రేపెవరైనా తవ్వితే ఇక్కడ ఇనుము దొరుకుతుంది, సిమెంటు దొరుకుతుంది. రాజవ్వ దొరకదు.

వెళ్లేవాళ్లకు ఒక మాట: దాజీ పేట్‌కు పొద్దున్నే వెళ్లండి, తర్వాత సాంచెల మోతలో మాట వినబడదు.

ఇక ఇవి అడుగుతున్నాను:

కార్మికుల కాలనీల్లో నేలమీద మగ్గం షెడ్లు కట్టాలి.

ప్రదర్శనలో పెట్టే ప్రతి బట్ట పక్కన నేసిన మనిషి పేరు రాయాలి.

నేత నేర్చుకుంటామనే పిల్లలకు కూలి ఇచ్చి నేర్పాలి.

నర్సయ్య అచ్చుకు అతకడానికి ఒక పడుగు ఇవ్వాలి. అతను బతికుండగా ఇవ్వాలి.